అమ్మకు ఆ జ్వరం ఎక్కడిది?

అమీర్‌పేట,
18 మే 2001.

పెద్దమ్మకు, నీ మంజూష ప్రేమతో రాస్తున్నది.

నీ ఉత్తరం అంది పదిరోజులైంది. ఆలస్యానికి కోప్పడకు. నీ అల్లుడు ఫణీంద్ర పొద్దున్నే ఆరింటికి ఇన్‌స్టిట్యూట్‌లో ఒరాకిల్ కంప్యూటర్ పాఠాల బ్యాచ్ మొదలుపెడుతున్నాడు. డిగ్రీ పరీక్షలు రాసిన పిల్లలంతా ఈ వేసవిలో అమీర్‌పేటలోనే దిగినట్టున్నారు, మెట్ల మీద కూర్చుని కూడా పాఠం వింటున్నారట. నేను తొమ్మిదింటికి పంజగుట్ట నడిచివెళ్ళి, సాయంత్రం దాకా ల్యాబ్‌లో ఉండి వస్తున్నాను. అవన్నీ నీకు తెలిసినవే. ఇప్పుడు రాస్తున్నది వేరే సంగతి. ఇన్నేళ్ళు ఊళ్ళో నర్సుగా పురుళ్ళు పోసినదానివి కాబట్టి నీకే చెప్పాలనిపించింది.

కింద వాటాలో ఉండే మా ఇంటివాళ్ళు, కమాల్ భాయ్, బతూల్ ఆంటీ నీకు గుర్తున్నారుగా. వాళ్ళమ్మాయి అర్జూ తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది. పోయిన గురువారం దగ్గర్లోనే ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో ఆడపిల్ల పుట్టింది. మామూలు కాన్పే. శనివారం ఇంటికి తెచ్చుకున్నారు.

సోమవారం ల్యాబ్‌కు బయల్దేరుతూ, పసిదాన్ని ఒకసారి చూసి వెళదామని కిందికి దిగాను. బయట ఎండ మండిపోతోంది. ఆ గదిలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అర్జూ మీద రెండు రగ్గులు కప్పారు. అయినా పళ్ళు టకటకలాడేలా వణుకుతోంది.

“ఏం ఫికర్ లేదు మంజూ,” అంది బతూల్ ఆంటీ. “పాలు పడుతున్నయి గద, జర జరమొస్తది. నాకు సుత ముగ్గురు పిల్లలకు గిట్లనే వచ్చింది. ఒక్క దినంల పోతది.”

“ఎప్పట్నించి ఉంది ఆంటీ?”

“నిన్న పొద్దుగాల్నుంచి.”

చెయ్యి పట్టుకుని గడియారం చూశాను. నాడి నిమిషానికి నూటముప్ఫై కొట్టుకుంటోంది. పొత్తికడుపు మీద వేళ్ళు ఆనించగానే నా చెయ్యి తోసేసింది. పాలు చేపి వచ్చే జ్వరమైతే రొమ్ములు గట్టిపడి ఉండాలి, అవి మెత్తగానే ఉన్నాయి. గర్భసంచిలో చీము పడితే మైలగుడ్డలు చెడ్డ వాసన వేస్తాయని చదువుకున్నాను కాబట్టి అదీ అడిగాను. ఏ వాసనా లేదంది ఆంటీ. అక్కడ నేనూ ఒక క్షణం వెనక్కి తగ్గాను. నేను డాక్టర్ని కాదు కదా పెద్దమ్మా, పరీక్షలు చేసే టెక్నీషియన్ని. కానీ ఆ నాడి నన్ను కదలనివ్వలేదు. ఆసుపత్రికి తీసుకెళదాం అన్నాను.

“చిల్లా కాలే,” అంది ఆంటీ. “నలభై దినాలు కాకముందు బాలింతను ఎట్ల బయటికి తీస్తరు?”

వరండాలో పేపరు చదువుతున్న కమాల్ భాయ్ లేచి గుమ్మం దగ్గరకొచ్చాడు. కూతుర్ని చూశాడు. “పిల్ల గట్ల వణుకుతుంటే దినాలు లెక్కపెడ్తవా? నేను ఆటో పిలుస్తున్న,” అని చెప్పులేసుకున్నాడు.

మా ల్యాబ్ పక్క ఆసుపత్రిలో డాక్టర్ ఛాయాదేవి గారని ఉన్నారు. ఆవిడ అర్జూని చూసిన అరగంటలో సూది మందులు ఎక్కించడం మొదలుపెట్టారు. స్కానింగ్‌లో మాయ ముక్క చిన్నది లోపల మిగిలిపోయిందని తేలితే మర్నాడు దాన్ని తీసేశారు. మందు ఎక్కించకముందు తీసిన రక్తం, గర్భసంచి ముఖద్వారం నుంచి తీసిన స్రావం, రెండూ మా ల్యాబ్‌కే వచ్చాయి. క్రిములు పెరిగేలా వాటిని ప్లేటు మీద గీసింది నేనే.

మర్నాడు మధ్యాహ్నం ప్లేటు తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. గొర్రె రక్తం కలిపిన ఎర్రటి జెల్లీ మీద గసగసాలకన్నా చిన్న చుక్కలు. ఒక్కొక్క చుక్క చుట్టూ ఎరుపంతా కరిగిపోయి, అద్దంలా తెల్లటి వలయం. ఆ క్రిమి చుట్టూ ఉన్న రక్తాన్ని తినేసిందన్నమాట. స్ట్రెప్టోకాకస్. గొంతునొప్పితో వచ్చేవాళ్ళ దగ్గర ఎన్నోసార్లు చూసినదే. అదే క్రిమి పచ్చి పుండులా ఉండే బాలింత గర్భసంచిలోకి చేరితే మనిషినే తీసుకుపోతుందట. దీనికి వాసన ఉండదని, అందుకే మోసపోతామని డాక్టరుగారు చెప్పారు. ఇంకో రెండు రోజులు ఆగితే రక్తమంతా విషమై మూత్రపిండాలు దెబ్బతినేవట. అలాంటి జ్వరంలో బతికి బయటపడ్డవాళ్ళలో కూడా కొందరికి నాళాలు మూసుకుపోయి మళ్ళీ కడుపు పండదట. కొందరికి కాలి నరాల్లో నెత్తురు గడ్డకడుతుందట.

అర్జూ నిన్న లేచి కూర్చుని జావ తాగింది. నాకు మాత్రం ఒకటే ప్రశ్న తొలుస్తోంది. గొంతులో ఉండే క్రిమి అక్కడికి ఎలా చేరింది? నీ అనుభవంలో ఇలాంటిది చూశావా?

నీ
మంజూష


అమీర్‌పేట,
4 జూన్ 2001.

పెద్దమ్మా, నువ్వు క్షేమమే కదా? నా ఉత్తరానికి జవాబు రాలేదు.

ఆ క్రిమి ఎలా చేరిందో తెలిసింది. ఛాయాదేవి గారు ఆ నర్సింగ్‌హోమ్ వాళ్ళతో మాట్లాడి, పురుటిగదిలో పనిచేసే అయిదుగురి గొంతుల్లోంచి నమూనాలు తెప్పించారు. నాలుగు ప్లేట్లలో ఏమీ లేదు. అయిదోదాంట్లో ఆ తెల్లటి వలయాలే. ఆమె పేరు యాదమ్మ. ఆ పూట అర్జూకి పురుడు పోయడంలో సాయం చేసింది.

రిపోర్టు కోసం తనే వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. పంపేవరకూ ఆగలేకపోయిందట.

“నా చేతులు సబ్బు పెట్టి కడుక్కున్న మేడం. మోచేతుల దాంక కడుక్కున్న,” అంది.

“గొంతునొప్పి ఏమైనా వచ్చిందా అంతకుముందు?”

“గా కాన్పుకు వారం ముందు వచ్చింది. సెలవడిగితే మనుషులు లేరన్నరు. మాస్కు కట్టుకున్న గని, ఉక్కకు ఊపిరాడక జరసేపు కిందికి గుంజిన. గంతే మేడం. ఆ జరసేపట్లనేనా?”

అది ఎవరూ చెప్పలేరన్నాను. నిజంగానే చెప్పలేం. మాయ ముక్క మిగలకపోతే ఆ క్రిమికి అంత చోటు దొరికేది కాదు. ఇంట్లో ఒకరోజు పాలజ్వరం అనుకోకపోతే అంత ముదిరేదీ కాదు. ఆమె ల్యాబ్ బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే మంచినీళ్ళిచ్చి, పక్కనే కూర్చున్నాను. తిట్టడానికి నాకు నోరు రాలేదు. మందు వాడితే పదిరోజుల్లో గొంతు శుభ్రపడుతుంది, మళ్ళీ పనిలోకి వెళ్ళొచ్చని చెప్పి పంపాను.

ఆమె వెళ్ళాక నాకు అమ్మ గుర్తొచ్చింది. గుర్తు రావడానికి నేను అమ్మను చూసిందెక్కడ? నేను పుట్టిన తొమ్మిదో రోజున జ్వరంతో పోయిందని తప్ప ఇన్నేళ్ళలో మరో మాట నాకెవరూ చెప్పలేదు. నువ్వు నన్ను కన్నకూతురిలా పెంచావు. నేనెప్పుడూ అడగలేదు కూడా. ఎందుకు అడగలేదో ఇవాళ నీకు చెప్తాను.

నాకు ఓణీలిచ్చిన రోజు జ్ఞాపకముందా? పీటల మీద కూర్చోబెట్టారు. నాయనమ్మ పక్కింటావిడతో, “పుట్టీపుట్టగానే తల్లిని మింగింది, దీనికి ముచ్చట్లొకటి,” అంది. నెమ్మదిగానే అంది కానీ నాకు వినిపించింది. నాన్నగారికీ వినిపించింది. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. ఆ వెళ్ళిపోవడం నాకు నాయనమ్మ మాటకన్నా ఎక్కువ తగిలింది. ఆయన నెలకోసారి మనింటికొచ్చి నాకు పుస్తకాలూ బట్టలూ ఇచ్చి వెళ్ళేవారు గానీ, నా మొహంలోకి చూసి మాట్లాడింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఆయనా నాయనమ్మలాగే అనుకుంటున్నారని నేను తీర్మానించుకున్నాను.

ఇంకోటి కూడా చెప్తాను, ఫణీంద్రకు తప్ప ఎవరికీ తెలియదు. మాకు నాలుగేళ్ళుగా పిల్లలు లేకపోవడం కాదు, నేనే వద్దన్నాను. అమ్మకొచ్చింది నాకూ వస్తుందని, నా బిడ్డకూ ఆ పేరే వస్తుందని భయం. ఫణీంద్ర బలవంతపెట్టలేదు. వాళ్ళమ్మగారికి తనలోనే ఏదో లోపముందని చెప్పి నన్ను కాపాడుతున్నాడు.

ఇప్పుడు ఆ ప్లేటు చూశాక నాకు భయంకన్నా తెలుసుకోవాలన్న కోరికే ఎక్కువైంది. జ్వరానికి ఒక దారి ఉంటుంది. ఎక్కణ్ణుంచో వచ్చి, ఏదో ద్వారాన లోపలికి వెళ్ళి ఉంటుంది. అందుకని అడుగుతున్నాను. అమ్మకు నొప్పులు ఎంతసేపు వచ్చాయి? ఉమ్మనీరు ఎప్పుడు పోయింది? మాయ మొత్తం పడిందా? పురుడు ఎవరు పోశారు? జ్వరం ఏ రోజు మొదలైంది, ఏ మందిచ్చారు, ఏ డాక్టరుకు చూపించారు? నువ్వు నర్సువి, ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి. నన్ను ఓదార్చడానికి ఏమీ రాయొద్దు. జరిగింది జరిగినట్టు రాయి.

నీ
మంజూష


రేపల్లె,
8 జూలై 2001.

మంజూ, నా చిట్టితల్లీ,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. నెల దాటింది. కాగితం తియ్యడం, నాలుగు ముక్కలు రాయడం, చింపేయడం, ఇదే పని. నువ్వు రెండో ఉత్తరంలో ఆ యాదమ్మకు నీళ్ళిచ్చి పక్కన కూర్చున్నానని రాశావు. ఆ ఒక్క వాక్యం లేకపోతే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

నువ్వడిగిన వరసలోనే చెప్తాను. మీ అమ్మ వరలక్ష్మికి నొప్పులు రెండు పగళ్ళూ ఒక రాత్రీ వచ్చాయి. ఉమ్మనీరు మొదటిరోజు మధ్యాహ్నమే పోయింది. మాయ మొత్తం పడింది, నేనే పళ్ళెంలో వేసి చూశాను. పురుడు పోసింది నేను.

అవును, నేనే. చెల్లెలికి నేను కాక ఇంకెవరు పోస్తారని అందరూ అన్నారు, నాకూ గర్వంగానే ఉంది. ఆ వారం నా కుడిచేతి చూపుడువేలికి గోరుచుట్టు లేచింది. చీము పట్టి సలుపుతోంది. ఉపకేంద్రంలో ఉన్న ఒక్క జత గ్లవ్సూ చిరిగిపోయి ఉన్నాయి. వేడినీళ్ళలో మరగబెట్టిన గుడ్డ వేలికి చుట్టుకుని, ఆ చేత్తోనే నాలుగుసార్లు లోపల పరీక్ష చేశాను. బిడ్డ అడ్డం తిరుగుతుందేమోనన్న కంగారులో గుడ్డ తడిసిపోయిందని కూడా చూసుకోలేదు.

మూడోరోజు సాయంత్రం చలిజ్వరం వచ్చింది. పాలజ్వరమని నేనే చెప్పాను. నాలుగోరోజు తగ్గలేదు. సల్ఫా మాత్రలు ఇచ్చాను. అప్పటికే నా మనసులో ఏదో మెదిలింది మంజూ. ఇక్కడ దాచిపెడితే ఈ ఉత్తరం రాసి ప్రయోజనం లేదు. గుంటూరు తీసుకెళ్ళమని నేను గట్టిగా పట్టుబట్టలేదు. తీసుకెళితే పురుడు ఎవరు పోశారని డాక్టరు అడుగుతాడు, నా వేలు చూస్తాడు. ఇవాళ కాకపోతే రేపటికి తగ్గుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. మూడేళ్ళ తర్వాత గుంటూరులో మాకు మళ్ళీ శిక్షణ ఇచ్చినప్పుడు, చేతి మీద పుండున్నవాళ్ళు పురుడు ముట్టుకోకూడదని మేడమ్ బోర్డు మీద రాసింది. అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేకపోయాను.

నీ ఓణీల రోజు నాయనమ్మ అన్న మాట నాకూ వినిపించింది. నీకు వినపడలేదని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ రోజు నోరు తెరిచి, కారణం నేను అని చెప్పి ఉండాల్సింది. చెప్తే నిన్ను నా దగ్గర్నుంచి తీసుకుపోతారని భయపడ్డాను. నువ్వు పడ్డ నింద నాది. పదహారేళ్ళు నీ నెత్తిమీద ఉంచి నేను అన్నం తిన్నాను.

నీకు రాసేముందు మీ నాన్నకు చెప్పడం ధర్మమనిపించి, నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని చిక్కుడుగింజలు వలుస్తున్నాడు. వేలి సంగతి మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. గింజలు వలవడం ఆపి చేట పక్కన పెట్టాడు.

“వేలి సంగతి నాకు తెలియదు వదినా,” అన్నాడు. “నాకు తెలిసింది ఇంకొకటుంది.”

“ఏంటి?”

“అయిదోరోజున వరలక్ష్మి నా చెయ్యి పట్టుకుని, నన్ను గుంటూరు తీసుకెళ్ళండి, ఇది మామూలు జ్వరం కాదు అంది. పదకొండోరోజు స్నానం అయ్యేదాకా బాలింత గడప దాటకూడదంది మా అమ్మ. నేను సరేనన్నాను. స్టేషన్లో బుకింగ్ క్లర్కుని. రోజూ రెండు పూటలా గుంటూరుకు టిక్కెట్లు కొట్టి జనానికి ఇస్తూనే ఉన్నాను. ఏడోరోజు తనకు తెలివి తప్పాక గానీ నా భార్యకు ఒకటి కొట్టలేదు.”

“ఈ మాట ఎవరికైనా చెప్పావా?”

“ఎవరికి చెప్పను? ఆ పిల్ల నవ్వితే అచ్చం వరలక్ష్మే. చూసినప్పుడల్లా, ఎందుకు తీసుకెళ్ళలేదని అడుగుతున్నట్టే ఉండేది. తల దించుకోక ఏం చెయ్యను?”

అదీ సంగతి తల్లీ. ఆయన నిన్ను ఏమీ అనుకోలేదు. నన్ను క్షమించమని అడగను. అడిగే హక్కు నేను పోగొట్టుకున్నాను. జరిగింది జరిగినట్టు రాయమన్నావు, రాశాను.

స్వరాజ్యం


అమీర్‌పేట,
22 జూలై 2001.

నాన్నగారికి నమస్కారాలు.

మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. కుశలప్రశ్నలు వదిలేసి విషయంలోకి వస్తున్నాను.

పెద్దమ్మ ఉత్తరం పోయిన గురువారం అందింది. రెండురోజులు ల్యాబ్‌కు వెళ్ళలేదు. ఆవిడ మీద నాకు చాలా కోపం వచ్చింది. వేలి గురించి కాదు. చిరిగిన గ్లవ్సుతో, రెండురోజులు నిద్రలేకుండా చెల్లెల్ని కాచుకున్న మనిషిని నేను తప్పుపట్టలేను. ఆ తర్వాత నోరు మూసుకోవడమే నాకు కొరుకుడుపడడం లేదు. బతూల్ ఆంటీ నా మొహం చూసి భోజనం పైకే తెచ్చిపెట్టింది. సంగతి విని, “గంత కోపమొస్తే జర ఆగి రాయి. గని రాయకుండ ఉండకు. నిన్ను సాకింది ఆమెనే గద,” అంది. ఆవిడకు రాస్తాను. ఇంకొన్నాళ్ళు పడుతుంది. ఈలోపు మీరు వారానికోసారైనా వెళ్ళి పెద్దమ్మను చూసి రండి. ఒంటరిగా ఉంచొద్దు.

శనివారం ఛాయాదేవి గారి దగ్గరికి వెళ్ళి అమ్మ సంగతంతా చెప్పాను. గుంటూరు అయిదోరోజునే తీసుకెళితే బతికేదా అని అడిగాను. మీరు కూడా ఇరవై ఎనిమిదేళ్ళుగా మిమ్మల్ని మీరు ఇదే అడుగుతూ ఉంటారని తెలుసు కాబట్టి, ఆవిడ చెప్పింది మీకు దాచను. పెన్సిలిన్ అప్పటికే పెద్దాసుపత్రుల్లో ఉందట. అయిదోరోజుకు వెళ్ళి ఉంటే బతికే అవకాశం బాగానే ఉండేదట. అలాగని తప్పక బతికేదని కూడా చెప్పలేం అన్నారు. ఏ క్రిమో ఎవరూ పరీక్ష చెయ్యలేదు. పెద్దమ్మ వేలు కావచ్చు. కాన్పయ్యేసరికి ఉమ్మనీరు పోయి ఒక రోజు దాటింది కాబట్టి అమ్మ ఒంట్లోనిదే పైకి పాకి ఉండవచ్చు. “నువ్వు ల్యాబ్‌లో ఉన్నదానివి, ప్లేటు లేకుండా రిపోర్టు రాస్తావా?” అన్నారు. రాయను. కాబట్టి ఇది తెలియకుండానే ఉండిపోతుంది. నాకు ఇది మింగుడుపడడానికి కొంచెం టైం పట్టింది, మీకూ పట్టవచ్చు. మీ తప్పేమీ లేదని నేను అనలేను. నాయనమ్మ మాట కాదని ఉండాల్సింది. కానీ ఆ తప్పును చూసుకుంటూ మీరు నన్ను చూడ్డం మానేశారు. నేను దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని మీకు దూరంగా పెరిగాను. అమ్మను తిరిగి తేలేం. ఇదైతే ఆపవచ్చు.

ఇవాళ పొద్దున ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్ళాం. ఫణీంద్ర బెండకాయలు ఏరుతుంటే, మనకు ఒక బిడ్డ కావాలి అన్నాను. చేతిలో కాయ అలాగే పట్టుకుని, “ఏంటి, బెండకాయల దగ్గరా చెప్పేది?” అన్నాడు. అమ్మేవాడు నవ్వాడు. ఇంటికొచ్చాం. తాళం తీస్తూ అతను కళ్ళు తుడుచుకోవడం చూశాను. నాకు భయం పూర్తిగా పోలేదు నాన్నగారూ. కానీ ఇప్పుడు అది దేని భయమో తెలుసు. జ్వరం వస్తే ఏ గంటకు ఎక్కడికి వెళ్ళాలో తెలుసు. నా పక్కనుండేవాళ్ళందరికీ ముందే చెప్పిపెడతాను, ఎన్ని రోజుల మైలైనా సరే.

జ్వరం గురించి తెలుసుకోదగ్గదంతా తెలుసుకున్నాను. అమ్మ గురించి మాత్రం నాకేమీ తెలియదు. ఆమె నా దగ్గర ఉన్నది తొమ్మిది రోజులు, మీతో మూడేళ్ళు కాపురం చేసింది. గట్టిగా నవ్వేదా, నోరు మూసుకుని నవ్వేదా? మీమీద కోపమొస్తే ఏం చేసేది? ఏ కూర బాగా చేసేది, ఏది తగలేసేది? నన్ను కడుపులో మోస్తున్నప్పుడు మీతో ఏమనేది? పెద్దమ్మను అడగదలచుకోలేదు. ఇవి మీరు చెప్పాల్సినవి.

రాయడం కష్టమైతే రైలెక్కి రండి. మా ఇంట్లో రెండు గదులే గానీ, ముందుగదిలో గాలి బాగా వస్తుంది. ఫణీంద్ర మిమ్మల్ని తీసుకురావడానికి స్టేషన్‌కు వస్తాడు. ఎన్నాళ్ళుంటారో ఇప్పుడే చెప్పనక్కర్లేదు. చెప్పడానికి ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు ఉండండి.

మీ కూతురు,
మంజూష